వెచ్చాల చీటీలో ఏం రాయాలి, ఏం కొట్టేయాలి

మా నాన్నగారికి గుంటూరు జిల్లాలో ఓ పల్లెటూళ్ళో కిరాణా కొట్టు ఉండేది. బడి నుంచి రాగానే గల్లాపెట్టె పక్కన కూర్చుని చీటీలు చదవడం నా పని. నెల మొదటివారంలో ఇంటింటి నుంచీ వెచ్చాల చీటీలు వచ్చేవి. నేను పైకి చదువుతుంటే నాన్న తూచి, పొట్లాలు కట్టి, అయిపోయిన చీటీని గోడకున్న ఇనప ఊచకి గుచ్చేవారు. కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు కిలో, చింతపండు అరకిలో, బెల్లం ఒక అచ్చు, ఆవాలు, మెంతులు, ఇంగువ. ప్యాకెట్లో వచ్చే సరుకంటే టీపొడి, సబ్బులు, అగరొత్తులు. ఎవరైనా బ్రెడ్డో బిస్కెట్లో రాశారంటే "ఎవరికమ్మా జ్వరం?" అని అడిగేవారు నాన్న.

కిందటి నెల మా ఇంటి చీటీని, ఇప్పుడది ఫోన్లో ఉంటుందనుకోండి, ఆ పాత అలవాటుకొద్దీ పైకి చదివాను. 38 సరుకులు. అందులో 14 చించి నోట్లో వేసుకోవడమో, వేణ్ణీళ్ళు పోసి కలుపుకోవడమో తప్ప పొయ్యితో పెద్దగా పనిలేనివి. మా ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు.

ఏది మంచిదో తెలియక మనం ఇలా తినడం లేదు. తినేటప్పుడు చూసుకుందాంలే అనుకుంటాం. డబ్బాలో ఉన్న మిక్చరు రాత్రి పదకొండింటికి టీవీ ముందు కూర్చున్నవాణ్ణి పిలవకుండా ఉండదు, వాడు వెళ్ళకుండానూ ఉండడు. ఇంట్లో అయితే రోజుకి పదిసార్లు మనసుని బిగపట్టుకోవాలి. కొట్లో అయితే వారానికో నెలకో ఒక్కసారి చాలు. అందుకే చేయవలసినవి, చేయకూడనివి అన్నీ చీటీ రాసే దగ్గరా, సరుకు చేతిలోకి తీసుకునే దగ్గరా మొదలుపెడుతున్నాను.

ప్యాకెట్లో ఉన్నదల్లా విషమనుకోవద్దు

ముందు ఈ భయం వదిలించుకుందాం. కాచి చల్లార్చి ప్యాకెట్లో పోసిన పాలు, పెరుగు, ఇడ్లీ రవ్వ, అటుకులు, బొరుగులు, పుట్నాల పప్పు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన బఠాణీలు కూడా మిల్లులోనో ఫ్యాక్టరీలోనో తయారైనవే. వాటితో మనకి పేచీ లేదు. పాలని శుద్ధి చెయ్యకపోతేనే ప్రమాదం.

గీత ఎక్కడ గీయాలన్నదానికి బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కార్లోస్ మొంతెయ్రో 2009లో ఒక దారి చూపించాడు. తర్వాత తిండిని నాలుగు గుంపులు చేశాడు. మన భాషలో చెప్పుకుంటే, మొదటిది బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, గుడ్లు. రెండోది వాటిని వండుకోవడానికి వాడే ఉప్పు, నూనె, బెల్లం. మూడోది ఈ రెంటినీ కలిపి నిలవ ఉంచుకునే ఊరగాయ, ఉప్పుచేప, జున్ను ముక్కల్లాంటివి. నాలుగోదే అసలు సంగతి. ఏ వంటింట్లోనూ కనిపించని దినుసులతో, ఫ్యాక్టరీలో తప్ప తయారుకానివి. దీన్ని గుర్తుపట్టడానికి నాకో సులువైన పరీక్ష ఉంది. ప్యాకెట్ మీద రాసిన దినుసుల్లో మీ పోపులడబ్బాలో గానీ, వంటింటి అలమారులో గానీ లేనివి ఎన్ని? ఒకటీ అరా అయితే సరే. ఏడెనిమిది ఉంటే అది నాలుగో గుంపుదే.

ఈ నాలుగో గుంపుతో చిక్కేమిటంటే ఎంత తింటున్నామో తెలియదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 2019లో ఒక పరీక్ష చేశారు. 20 మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టారు. పళ్ళెంలో పెట్టిన క్యాలరీలు, పంచదార, ఉప్పు, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానంగా చూశారు. కావలసినంత తినమన్నారు, వద్దనుకుంటే వదిలేయమన్నారు. ఫ్యాక్టరీ తిండి తిన్న రోజుల్లో మనిషి రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నాడు. రెండు వారాల్లో సుమారు 900 గ్రాములు బరువెక్కాడు. మామూలు తిండి తిన్నప్పుడు దాదాపు అంతే తగ్గాడు. 20 మందంటే చిన్న లెక్కే. కానీ ఏం తిన్నారని అడిగి రాసుకున్న లెక్క కాదది, దగ్గరుండి తూచి చూసింది. మెత్తగా ఉంటుంది, నమలక్కర్లేదు, చకచకా దిగిపోతుంది, కడుపు నిండిందన్న కబురు అందేలోపే ప్యాకెట్ ఖాళీ.

మన దగ్గరి పరిస్థితి సంగతి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది. దేశంలో మొత్తం జబ్బుల భారంలో 56.4 శాతం సరిలేని తిండి వల్లే అని అందులో అంచనా వేశారు. మొత్తం 17 సూత్రాలు. చివరిది, లేబుల్ చదివి కొనుక్కోండి అని.

ప్యాకెట్ తిప్పండి

ముందువైపు బొమ్మలూ పొగడ్తలూ కంపెనీ తన ఇష్టంతో వేసుకున్నవి. వెనకవైపు చిన్న అక్షరాలు చట్టం వేయించినవి. కాబట్టి వెనక్కి తిప్పండి. పేరు చెప్పనుగానీ మా ఇంట్లో ఆరునెలలుగా ఆరోగ్యం పేరుతో తింటున్న బిస్కెట్ల సంగతి చెబుతాను. ముందువైపు బంగారు రంగులో గోధుమ కంకి, పక్కనే పొంగుతున్న పాలగ్లాసు. వెనక్కి తిప్పితే మొదట మైదా, తర్వాత పంచదార, తర్వాత పామోలిన్ నూనె, ఆ తర్వాత ఎక్కడో గోధుమపిండి. పాలు అయితే కడపటి వరుసలో ఉప్పుకీ, వాసన కోసం కలిపిన దినుసుకీ మధ్యన ఇరుక్కుని ఉన్నాయి.

ఈ వరుసకి అర్థముంది. ఏది బరువులో ఎక్కువ ఉంటే దాన్ని ముందు రాయాలన్నది నిబంధన. అంటే మొదటి మూడు పేర్లు చదివితే ఆ సరుకు సంగతి ముప్పాతిక తెలిసినట్టే. మొదటి మూడింట్లో మైదా, పంచదార, పామోలిన్ ఉన్నదాన్ని ఎన్ని కంకులు అలంకరించినా బిస్కెట్టే.

ఇక్కడ నాకో కోపం ఉంది. ఈ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగులో ఉండాలన్న నిర్బంధం లేదు. తెలుగు తప్ప చదవలేని మా అత్తగారికి ఆ వెనకవైపు ఉన్నా లేనట్టే. కాబట్టి చదవగలిగినవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి చెప్పాలి. గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు ఎక్కువేం లేవు. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అంటే మన మైదాయే, గోధుమ మాట వినపడుతోందని మోసపోవద్దు. హైడ్రోజినేటెడ్ అన్న మాట నూనె ముందు కనిపిస్తే అది డాల్డా జాతిది. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, కార్న్ సిరప్ ఇవన్నీ పంచదారకి మారుపేర్లు. ఒకే పంచదారని నాలుగు పేర్లతో రాస్తే ఏ ఒక్కటీ మొదటి వరుసలోకి రాదు, అదో గారడీ. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది పంచదార లెక్కలోకి కూడా రాదుగానీ రక్తంలో గ్లూకోజుని గబగబా పెంచుతుంది.

దినుసుల మధ్య ఐఎన్ఎస్ అని వచ్చే నంబర్లు చూసి బెదరొద్దు. ఐఎన్ఎస్ 300 అంటే విటమిన్ సి, 330 అంటే నిమ్మ ఉప్పు, 500 అంటే వంటసోడా. 621, 627, 631 కలిసి కనిపిస్తే నాలుకని ఊరించడానికి రుచి పెంచారని అర్థం. 102 అనేది పసుపు రంగు. ఇదీ, మరో ఐదు రంగులూ కలిపిన సరుకు మీద పిల్లల చురుకుతనం, ఏకాగ్రత దెబ్బతినవచ్చని హెచ్చరిక వేయాలని ఐరోపాలో 2010 నుంచీ నియమం. మన దగ్గర అలాంటి హెచ్చరిక లేదు. నేనైతే నంబర్ల మంచిచెడ్డలు విచారించను, లెక్కపెడతాను. వరుసగా ఆరేడు ఉంటే తీసినచోటే పెట్టేస్తాను.

సోడియంని ఉప్పు చేసి చూడండి

మా అత్తగారికి బీపీ. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఆవిడ పప్పులో ఉప్పు వెయ్యనివ్వలేదు. అయినా పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ అంకె దిగడంలేదు. "ఉప్పు మానేసి చప్పిడి తింటూనే ఉన్నానుగా అమ్మాయ్, ఇంకా ఎక్కడిదే ఈ బీపీ?" అని నా మీద విసుక్కున్నారు. ఒక రోజంతా చూశాను. పప్పు చప్పగా ఉందని నంచుకోవడానికి రెండు అప్పడాలు. సాయంత్రం టీలోకి తీపి పనికిరాదని సాల్టు బిస్కెట్లు. రాత్రి పెరుగన్నంలో ఆవకాయ బద్ద, దానికి అంటుకున్న గుజ్జుతో సహా.

ఆ సాయంత్రం వంటింట్లో చిన్న కాటా పెట్టుకుని ఆవిడ ఎదుటే కూర్చున్నాను. బిస్కెట్ ప్యాకెట్ మీద ఉప్పు ఎంతో ఉండదు, సోడియం ఎంతో ఉంటుంది, అదీ మిల్లీగ్రాముల్లో. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. ఆ బిస్కెట్లలో 100 గ్రాములకి 800 ఉంది. ఆవిడ తినే ఎనిమిది బిస్కెట్లు తూస్తే 50 గ్రాములు. అంటే ఒక గ్రాము ఉప్పు. దాన్ని తూచి చిన్న పళ్ళెంలో పోశాను. తర్వాత పిల్లవాడు వారానికి మూడుసార్లు అడిగే నూడుల్స్ తీశాను. 100 గ్రాములకి 1200, ప్యాకెట్ 70 గ్రాములు, కాబట్టి 840 మిల్లీగ్రాముల సోడియం, రెండు గ్రాములకి పైనే ఉప్పు. అదీ పక్కన పోశాను. అరచెంచాకి కాస్త తక్కువ. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదని, అంటే ఒక చిన్న చెంచాడని, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు.

అత్తయ్య ఆ పళ్ళెంకేసి చాలాసేపు చూశారు. "ఇదంతా బిస్కెట్లో ఉంటే నాలిక్కి తెలియదేం?" అన్నారు. మంచి ప్రశ్న. పంచదార, కొవ్వు, పులుపు కలిశాక ఉప్పు నాలుకకి ఉప్పులా తగలదు. తీపి బిస్కెట్లలో, బ్రెడ్డులో, కెచప్‌లో కూడా సోడియం ఉంటుంది. రుచి చూసి ఉప్పు లెక్కకట్టొద్దు.

ఇంట్లో చేసింది కాబట్టి ఊరగాయలకి మినహాయింపు ఉందనుకోవడం మరో భ్రమ. ఆవకాయలో కారం, ఆవపిండి, ఉప్పు ఉజ్జాయింపుగా సమపాళ్ళలో పోస్తాం. అప్పడాల్లో ఉప్పుతోపాటు అప్పడాల కారమూ సోడియమే. వడియాలూ ఊరుమిరపకాయలూ అంతే. ఆవకాయ మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెబితే వినేవాళ్ళూ లేరు. మేం చేసుకున్న ఒప్పందం ఏమిటంటే ఆవకాయ ఉన్నరోజు అప్పడం లేదు, అప్పడం ఉన్నరోజు ఊరగాయ జాడీ కిందకి దిగదు. సాల్టు బిస్కెట్ల స్థానంలో వేయించిన పుట్నాలు వచ్చాయి. పప్పులోకి మాత్రం కాస్త ఉప్పు తిరిగొచ్చింది. చప్పిడి పప్పు పెట్టి అప్పడాలు తినిపించడం కంటే అదే నయం.

సైంధవ లవణానికి మారితే బీపీ తగ్గుతుందని ఎవరో చెబితే నమ్మొద్దు. అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా అయొడిన్ కలపనిది ఎక్కువగా దొరుకుతుంది. సోడియం తక్కువ ఉందంటూ అమ్మే ఉప్పుల్లో బదులుగా పొటాషియం కలుపుతారు. మామూలు మనిషికి అది మేలే. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళూ, కొన్నిరకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళూ మాత్రం డాక్టర్ని అడగకుండా ఆ ఉప్పు ముట్టుకోవద్దు. ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

ఒక వడ్డన అన్న మాట దగ్గర ఆగండి

వెనక పట్టికలో ఒక్కోచోట 100 గ్రాములకి, ఒక్కోచోట ఒక వడ్డనకి అని లెక్కలుంటాయి. వడ్డన అంటే ఎంతో కంపెనీయే చెబుతుంది. రెండు బిస్కెట్లు ఒక వడ్డన అట. రెండు బిస్కెట్లతో ఆపిన మనిషిని నేనింకా చూడలేదు. ఎప్పుడూ 100 గ్రాముల లెక్కే చూసి, ప్యాకెట్ బరువుతో హెచ్చవేసుకోండి. చల్లటి సోడా సీసా మీద 100 మిల్లీలీటర్లకి 10 గ్రాముల పంచదార అని ఉంటే 600 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాములు, పన్నెండు చెంచాలు. పెద్దవాళ్ళకి పైనుంచి కలిపిన పంచదార రోజుకి 50 గ్రాములు దాటొద్దనీ, 25 లోపు ఉంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ ఒక్క సీసాతోనే రోజు కోటా దాటిపోతుంది.

ముందువైపు మాటల్ని నమ్మొద్దు

నూనె డబ్బా మీద కొలెస్ట్రాల్ లేదు అని గర్వంగా రాస్తారు. గింజల నూనెలో కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఎప్పుడూ లేదు. మా నాన్న గానుగ దగ్గర తెచ్చిన నువ్వులనూనె డబ్బా మీదా రాయొచ్చు ఆ మాట. చూడాల్సింది డాల్డా జాతి నూనెల్లో ఉండే ట్రాన్స్ కొవ్వు. నూనెల్లో అది 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచీ మన ఆహార భద్రతా సంస్థ హద్దు పెట్టింది. లేబుల్ లేకుండా బేకరీలో అమ్మే పఫ్‌ల దగ్గర, దిల్‌పసంద్‌ల దగ్గర మనకి ఆ లెక్క తెలిసే దారి లేదు, కాబట్టి వాటిని రోజువారీ చీటీలోంచి తీసి పండగలకి ఉంచుకోండి.

పిల్లల పాలల్లో కలిపే పొడులకి హెల్త్ డ్రింక్ అన్న మాట వాడొద్దని ఆన్‌లైన్ అమ్మకందార్లకి 2024 ఏప్రిల్లో ఆహార భద్రతా సంస్థ చెప్పింది, ఆ మాటకి మన చట్టంలో నిర్వచనమే లేదు. పొడి డబ్బా వెనక 100 గ్రాముల్లో పంచదార ఎంతో చూశాక మీరే నిర్ణయించుకోండి. పాలు పాలుగా తాగినా పిల్లలు ఎదుగుతారు.

మామిడిపండ్ల పానీయం సంగతి చిత్తూరు జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. వాళ్ళ తోతాపురి కాయలు లారీలకొద్దీ గుజ్జు ఫ్యాక్టరీలకి వెళ్తాయి. అంత గుజ్జు పోసీ సీసాలో ఎంత ఉంటుందంటే, పండ్ల పానీయం అని పిలవడానికి నిబంధన అడిగే కనీస పండురసం 10 శాతమే. మిగతాది నీళ్ళు, పంచదార, పులుపు, రంగు, వాసన. వందశాతం పండ్లరసం అని రాసుకోవద్దని 2024 జూన్‌లో ఆహార భద్రతా సంస్థ కంపెనీలని ఆదేశించింది. కాయ కొనుక్కుని కోసుకోండి, పీచుతో సహా తినండి.

ఐస్‌క్రీం అని రాసి ఉంటే పాలకొవ్వుతో చేసింది. ఫ్రోజెన్ డెజర్ట్ అని రాసి ఉంటే వంటనూనె కొవ్వుతో చేసింది. రెండూ ఒకే ఫ్రీజర్లో, ఒకలాంటి కప్పుల్లో ఉంటాయి. బ్రౌన్ బ్రెడ్ కొనేముందు రంగు కోసం కారమెల్ కలిపారేమో చూడండి. చిరుధాన్యాల సంవత్సరం అని 2023ని ఐక్యరాజ్యసమితి ప్రకటించాక రాగి, జొన్న బిస్కెట్లకీ నూడుల్స్‌కీ గిరాకీ పెరిగింది. రాగి శాతం ఎంతో వెనక చదవకుండా రాగి పేరుకి డబ్బులివ్వొద్దు. రాగిపిండి ఎలాగూ కిరాణా కొట్లో దొరుకుతుంది. షుగర్ ఫ్రీ అన్నంత మాత్రాన చక్కెర జబ్బువాళ్ళకి బిస్కెట్లు కట్టలుకట్టలుగా ఇవ్వకండి, లోపల మైదా మైదాగానే ఉంది. బెల్లం వేశాం కాబట్టి ఫరవాలేదన్నదీ ఆ కోవలోదే, ఒంటికి అది పంచదారకి దగ్గరి చుట్టం.

సాసేజ్‌లు, సలామీ, హామ్ లాంటి నిలవ మాంసాలు పెద్దప్రేగు క్యాన్సర్‌కి కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో తేల్చి, పొగాకున్న జాబితాలోనే చేర్చింది. అంటే సిగరెట్టంత ప్రమాదమని కాదు, సాక్ష్యం అంత గట్టిగా ఉందని. రోజూ 50 గ్రాములు తింటే ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం 18 శాతం పెరుగుతుందన్నారు. ఎప్పుడో ఒకసారి తిన్నవాళ్ళు హడలిపోనక్కర్లేదు, రోజూ పిల్లల టిఫిన్ డబ్బాలో పెట్టేవాళ్ళు మాత్రం ఆపాలి.

రెండేళ్ళలోపు పిల్లలకి

ఇక్కడ మెతకదనం పనికిరాదు. ఆరు నెలల దాకా తల్లిపాలే. ఆ తర్వాత రెండేళ్ళు నిండేదాకా పంచదార కలిపిన ఏ పొడీ, ఏ బిస్కెట్టూ, ఏ పానీయమూ వద్దు. పెసరపప్పు వేసి మెత్తగా ఉడికించిన అన్నం, నెయ్యి, మెదిపిన అరటిపండు, ఉడికించిన గుడ్డు, మొలకెత్తించిన రాగుల జావ చాలు. ఏడుస్తున్నాడని చేతిలో ప్యాకెట్ పెట్టే తాతయ్యల దగ్గర మొహమాటపడొద్దు. బడికెళ్ళే పిల్లలకి బహుమతిగా చిప్స్ ఇవ్వడం కూడా మానండి. అన్నం శిక్ష, చిప్స్ పండగ అన్న లెక్క ఒకసారి పిల్లల బుర్రలోకి వెళ్తే బయటికి రాదు.

చేతిలోకి తీసుకున్నాక

డేటు దగ్గరపడ్డ సరుకుని ముందు వరుసలో పెట్టడం కొట్టువాళ్ళ అలవాటు. మా నాన్న కూడా అలాగే పెట్టేవారు, అది మోసమేం కాదు, ముందొచ్చింది ముందు పోవాలి. కానీ నెలకి సరిపడా కొనేవాళ్ళు వెనక వరుసలో చెయ్యి పెట్టండి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నప్పుడు ముందు తేదీ చూడండి. వాడవలసిన గడువు దాటినది ఎంత బాగున్నా తినొద్దు. మిఠాయి కొట్లలో విడిగా అమ్మేవాటికి కూడా ఎప్పటిలోగా తినాలో బోర్డు పెట్టాలని 2020 అక్టోబరు నుంచీ నియమం ఉంది, లేకపోతే అడగండి.

ఆహార భద్రతా సంస్థ గుర్తు పక్కన 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. ఉబ్బిన డబ్బా, అంచు సొట్టపడ్డ డబ్బా కొనొద్దు. లోపల పెరిగే బ్యాక్టీరియా విషం నరాలని పట్టేస్తుంది, రుచి చూసి తేల్చుకుందామనుకోవద్దు. ఫ్రీజర్ ప్యాకెట్ లోపల మంచు గడ్డలు కట్టి ఉంటే మధ్యలో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట, వదిలేయండి. ఫ్రీజర్ సరుకు చివర్లో కొని, ఇంటికి రాగానే ముందు ఫ్రీజర్లో పెట్టండి. విడిగా పీపాలోంచి పోసే నూనె చట్టప్రకారం అమ్మకూడదు, మీరు కొనకూడదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. నిషేధం ఉన్నా లేకపోయినా, మండే ఎండలో గంటలకొద్దీ బండి మీద ఉన్న మయొనైజ్ గిన్నె జోలికి వెళ్ళకండి. బజ్జీలు న్యూస్‌పేపర్లో చుట్టించుకోవద్దు, ఆ సిరాలో సీసంలాంటివి నూనెకి అంటుకుని వస్తాయి. ఇంట్లో పూరీలు వేయించిన నూనెని మళ్ళీ మళ్ళీ కాచొద్దు. తాలింపుకి ఒకసారి వాడి అవగొట్టండి.

బదులుగా ఏం రాయాలి

తీసేయడం సులువు, ఆ ఖాళీలో ఏదో ఒకటి లేకపోతే పదోరోజుకి మళ్ళీ ప్యాకెట్లే వస్తాయి. మా చీటీలోకి కొత్తగా వచ్చినవి పల్లీలు, పుట్నాలు, బొరుగులు, అటుకులు, శనగలు, నువ్వులు, రాగిపిండి, జొన్నరవ్వ. ఆదివారం పొద్దున ఒక గంట పెడితే వారానికి సరిపడా సున్నుండలో పల్లీ ఉండలో అవుతాయి. అందులోనూ తీపి ఉంది, కాబట్టి ఒక్కటే. పల్లీలు ఉడకబెట్టి ఉల్లిపాయ, నిమ్మకాయ పిండితే బడి నుంచి వచ్చినవాడు చిప్స్ అడగడు. రెండు వారాలపాటు అడిగాడు, ఆ రెండు వారాలూ గట్టిగా ఉండాలి.

ఖరీదు సంగతి ఎత్తుతారు కదా. పదిరూపాయల చిప్స్ ప్యాకెట్ మీద నికర బరువు చూడండి. 20 గ్రాములుంటే కిలో 500 రూపాయలు పడినట్టు. కిలో బంగాళాదుంపలకి మీరు బేరమాడతారు. ఉద్యోగాలు చేసే ఇళ్ళల్లో తీరిక లేకపోవడమే అసలు అడ్డంకి, దాన్ని కాదనను. తీరికలేని రోజున నూడుల్సే గతి అయితే మసాలా పొట్లంలో సగమే వేసి, క్యారెట్, బఠాణీ, ఒక గుడ్డు కలపండి. ఉప్పు బాగా తగ్గుతుంది.

ఇంత చూసుకున్నా ప్యాకెట్లో పురుగో, వాసనో, తప్పుడు లేబులో కనిపిస్తే పారేయకండి. ప్యాకెట్‌నీ బిల్లునీ దాచి, ఫొటో తీసి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టండి, లేదా 1800112100కి ఫోన్ చెయ్యండి.

ఈ నెల చీటీ నిన్న పైకి చదివాను. అత్తయ్య పక్కనే కూర్చుని విన్నారు. పొయ్యితో పనిలేని సరుకులు 14 నుంచి 6కి వచ్చాయి. కంకి బొమ్మ బిస్కెట్లు ఇంకా ఉన్నాయి, ఆరు ప్యాకెట్లు రెండయ్యాయి. అవి కూడా కొట్టేయనా అంటే, "ఉండనీ అమ్మాయ్, ఎవరికైనా జ్వరమొస్తే?" అన్నారావిడ.